రేపటి లెక్కలు, ప్రభువు చిత్తము



మన సంఘములలో అచ్చువేయించే పెండ్లి శుభలేఖలలో "దేవుని చిత్తమైతే" అను మాట లేనిది అరుదు. కూడికల కరపత్రములోనూ ఆ మాటే, సెలవు తీసుకొని బయలుదేరే పాదిరిగారి నోటనూ ఆ మాటే. పాత మిషను రోజులలో ఆంగ్లములో వ్రాసుకొనే ఉత్తరాలలో తేదీ ప్రక్కన డి.వి. అని రెండక్షరములు వేసేవారు. దేవుడు చిత్తగిస్తే అని లాటిను భాషలో వాటి అర్థము. మంచి అలవాటే. అయితే శుభలేఖ మీద ఆ మాట వేయించిన ఇంటివారే మంచి గడియ ఎప్పుడున్నదో ఊరి పంతులుగారిని చాటుగా అడిగి వచ్చుట, ఆ పెండ్లికి తెచ్చిన అప్పు వచ్చే ఏటి మిరప పంట మీద తీరుస్తామని ప్రామిసరీ నోటు వ్రాసి ఇచ్చుట మనము చూడని సంగతులు కావు. ఆ మాట కాగితము మీద ఉన్నది గాని లెక్కలో లేదు.

ఈ నెల మేము ఆ లెక్కను గూర్చియే వ్రాయదలచాము.

యాకోబు తన పత్రిక నాలుగవ అధ్యాయము చివర (4:13–16) కొందరు వర్తకులను నిలబెట్టి మాట్లాడుతాడు. వారు బయలుదేరే దినము నిర్ణయించుకొన్నారు. వెళ్లే పట్టణము నిర్ణయించుకొన్నారు. అక్కడ ఎంతకాలముండాలో, ఏమి వ్యాపారము చేయాలో అనుకొన్నారు. రాబోయే లాభమును కూడా అప్పుడే మూటగట్టుకొన్నారు. యాకోబు వారి వర్తకమును తప్పు పట్టలేదు. ప్రయాణమును తప్పు పట్టలేదు. లాభము పాపమనలేదు. రేపు అనునది తమ పెట్టెలోని సొమ్మైనట్టు మాట్లాడిన ఆ డంబమును తప్పు పట్టాడు. మనుష్యుని బ్రతుకును ఆవిరితో పోల్చాడు. పుష్యమాసపు ఉదయమున చెరువు మీద లేచే పొగమంచును ఎరిగిన పల్లెవారికి ఆ పోలికను ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. ప్రొద్దెక్కితే అది ఉండదు.

ఇక్కడ మరియొక సంగతి గమనించండి. మనము "దేవుని చిత్తమైతే" అన్నప్పుడు చేయబోయే పనిని గూర్చి అంటాము. ఇల్లు కట్టుట, పిల్లవానిని ఇంజనీరింగులో చేర్చుట, అమ్మాయి పెండ్లి. యాకోబు అంతకు ముందు మెట్టున నిలబడ్డాడు. పని సంగతి తరువాత, మనము బ్రదికి ఉండుటయే ఆయన చిత్తము మీద ఆధారపడి యున్నదని అతడు ముందుగా చెప్పాడు. ఈ చిన్న తేడాను చాలామంది బోధకులు దాటిపోతారు. దానిలో ఇంటి సంగతులు చాలా ఉన్నవి. తరువాత వద్దాము.

ఆ వర్తకులు మనకు దూరపువారు కారు. 2016లో మిరపకాయలు క్వింటాలు పన్నెండు వేల రూపాయల వరకు పలికినవి. ఆ ధర చూచి గుంటూరు, ప్రకాశము, ఖమ్మము, వరంగల్లు ప్రాంతములలో మిరప వేయనివాడు లేడన్నట్టయినది. పత్తి తీసివేసినవారు, కౌలుకు మరి రెండెకరములు కలుపుకొన్నవారు ఎందరో. పోయిన ఏటి ధరను ఈ ఏటి ఎకరములతో హెచ్చవేసి, వచ్చిన మొత్తములో నుండి ముందుగానే ఖర్చులు పంచుకొన్నారు. 2017 వేసవికి అదే క్వింటాలు మూడు నాలుగు వేలకు పడిపోయినది. ఆ ఏప్రిల్ 28న ఖమ్మము మార్కెట్టు యార్డులో రైతులు కడుపుమండి కార్యాలయము మీద పడిన సంగతి పత్రికలలో వచ్చినది. తరువాత 2021లో ధర బాగానే ఉన్నది, పంట లేదు. నల్ల తామర పురుగు పూతను పట్టి తోటలకు తోటలను ఎండగొట్టినది. ఒక ఏడు పంట ఉండి ధర లేదు, మరొక ఏడు ధర ఉండి పంట లేదు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము" అని మన పెద్దలు నవ్వుతూ చెప్పినది ఇట్టి లెక్కలను గూర్చియే.

అయితే రైతును వేలు పెట్టి చూపుట మా ఉద్దేశము కాదు. నెలజీతము అందుకొనేవారు ఈ బోధ చేయుట సుళువు. జూలైలో నారు పోసేవాడు ఫిబ్రవరి ధరను ఎట్లు ఎరుగును? ఏదో ఒకటి అనుకొనే దుక్కి దున్నాలి. ప్రసంగి గ్రంథకర్త కూడా గాలిని చూస్తూ కూర్చున్నవాడు విత్తడనియే చెప్పాడు (11:4). విత్తుట అహంకారము కాదు. ధర పడితే ఏమిటి, పురుగు పడితే ఏమిటి అను ప్రశ్నకు ఇంటిలో చోటు లేకుండ విత్తుట, అది కావలెనని అడిగిన భార్యను "అపశకునపు మాటలాడకు" అని కసురుట, అందులో ఉన్నది అసలు చిక్కు.

లూకా సువార్త పండ్రెండవ అధ్యాయములోని ధనవంతుని చూడండి. మనము అతనిని నష్టపోయినవాడన్నట్టు ప్రసంగములలో చెప్తాము. కాని అతని అంచనాలో తప్పేమీ లేదు. పంట విస్తారముగా పండినది. కొట్లు చాలలేదు గనుక పెద్దవి కట్టాలనుకొనుట తెలివిగల పనియే. అతడు ఆలోచించినది ఎవరితో? తనతోనే. భార్య లేదు, పాలేరు లేడు, పొరుగువాడు లేడు, దేవుడు లేడు. పంట నాది, కొట్లు నావి, ప్రాణము కూడా నాదే అన్న వరుసలో సాగినది అతని మాట. ఆ చివరిది మాత్రము ఆ రాత్రియే తనది కాకపోయినది. లెక్క సరిగా వచ్చినవాడు కూడా వెఱ్ఱివాడు కాగలడని ప్రభువు చెప్పిన ఉపమానమిది. పంట పోయినప్పుడు మోకరించుట మనకు తెలుసు. పంట వచ్చిన ఏడు ఏ ఆలోచన చేస్తున్నామో చూచుకొనుట కష్టము.

యాకోబు ఆ తరువాతి అధ్యాయములోనే (5:4) కోత కోసిన కూలివారికి బిగబట్టిన జీతమును గూర్చి వ్రాశాడు. రెండు మాటలు ప్రక్కప్రక్కనే ఉండుట ఊరకనే కాదని మా అభిప్రాయము. రేపు మీద ధీమాగా ఉన్నవాడే ఈ దినపు కూలిని రేపు ఇస్తాననగలడు.

ఏర్పాట్లు అవిశ్వాసమా?

ఇక రెండవ వైపు చూద్దాము. "అంతా దేవుడే చూచుకొంటాడు, మనమేమీ అనుకోకూడదు" అని చెప్పేవారు మన మధ్య ఉన్నారు. వినుటకు భక్తిగా ఉంటుంది. కాని పిల్లకు పదునెనిమిదేండ్లు నిండేవరకు ఒక్క రూపాయి దాచక, కాలేజీ ఫీజు కట్టే వారమున సంఘములో ప్రార్థన కోరుట భక్తి అనిపించదు.

యోసేపు ఐగుప్తులో ఏడు సమృద్ధి సంవత్సరముల పాటు పంటలో ఐదవ భాగము ప్రోగుచేయించాడు (ఆదికాండము 41:34). కరవు వస్తుందని దేవుడే చెప్పాడు గదా, ఆయనే పోషిస్తాడులే అని ఊరుకోలేదు. నెహెమ్యా సంగతి మరీ ముచ్చటైనది. యెరూషలేము గోడలు కూలియున్నవని కిస్లేవు మాసములో విన్నాడు. రాజు ఎదుట నోరు విప్పినది నీసాను మాసములో. నడుమ నాలుగు నెలలు ఉపవాసము, ప్రార్థన. రాజు "నీకేమి కావలెను" అని అడిగినప్పుడు అక్కడికక్కడ మరల మనసులో ప్రార్థించి, ఎంతకాలము పడుతుందో చెప్పాడు, నది అవతలి అధికారులకు తాకీదులు కావాలన్నాడు, గుమ్మముల దూలములకు మ్రానులు కావాలన్నాడు, అవి ఇప్పించవలసిన అడవి అధికారి పేరు కూడా చెప్పాడు (2:4–8). నాలుగు నెలలు మోకాళ్ల మీద ఉన్నవాని దగ్గర పూర్తి పట్టీ సిద్ధముగా ఉన్నది! ప్రార్థన చేసేవారికి లెక్కలు రావని, లెక్కలు వేసేవారికి ప్రార్థన అక్కరలేదని మనము చేసిన విభజన నెహెమ్యాకు తెలియదు.

మన కోస్తావారికి దీనికి బైబిలు బయట కూడ సాక్ష్యమున్నది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినది. తాటిచెట్టంత అల వచ్చినదని బ్రతికినవారు చెప్పుకొన్నారు. ఆ తుపానులో సుమారు పదివేల ప్రాణములు పోయినవి. ఊళ్లకు ఊళ్లు తుడుచుకొనిపోయినవి. ప్రార్థించేవారు పోయారు, ప్రార్థించనివారు పోయారు. ఆ తరువాత తీరము వెంబడి తుపాను రక్షణ కట్టడములు లేచినవి, కొన్ని సంఘములు, మిషనులు కట్టించినవే, ముందుగా హెచ్చరించే ఏర్పాట్లు మెరుగుపడినవి. 1990 మే నెలలో దాదాపు అంతటి బలమైన తుపాను అదే కృష్ణా తీరమును తాకినది. లక్షకు మించిన జనులను ముందుగా తరలించారు. మరణములు వెయ్యి లోపున ఆగినవి. గుండె పగిలే సంఖ్యే గాని, పదివేలు కాదు. ఆ షెల్టరు గోడలను అవిశ్వాసమని ఎవరనగలరు?

కాబట్టి ఏర్పాటు చేసుకొనుట, దేవుని నమ్ముట ఒకదానికొకటి శత్రువులు కావు. జాగ్రత్త వహించవలసినది మూడవ దాని విషయములో. దేవుని నమ్ముతున్నామంటూ ఆయన నోటి నుండి ముందుగా మాట లాగికొనే ప్రయత్నము.

మెట్ట ప్రాంతములలో బోరు వేయించే ఇంటికి వెళ్లి చూడండి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నడిచే మనిషిని పిలిపిస్తారు. కాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ సున్నముతో గుర్తు పెడతారు. తరువాత పాస్టరుగారిని పిలిచి ఆ గుర్తు మీదనే ప్రార్థన చేయిస్తారు! నీళ్లు పడితే దశమభాగము అని మ్రొక్కుకొంటారు. ఎనిమిది వందల అడుగులకు తడి కూడా తగలకపోతే ప్రార్థన పనిచేయలేదని దిగులు పడి, మరొక చోట మరొక కొబ్బరికాయ. మూడు బోర్లు ఎండిన తరువాత అమ్మేది గొడ్లను, ఆ తరువాత అమ్మేది అరెకరము. ఇది విశ్వాసమని కొందరు సాక్ష్యము చెప్పుట విన్నాము. ఇన్ని చోట్ల తవ్వినా నీళ్లు లేవంటే ఈ నేలకు జొన్న, కంది, ఆముదము చాలునేమో, ప్రభువు ఆ మాటే చెప్తున్నాడేమో అని తలంచుటకు ఎక్కువ విశ్వాసము కావాలి.

క్రొత్త సంవత్సరపు రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డు తీసుకొనుట మనకందరికీ ఇష్టమే. పన్నెండు దాటిన తరువాత పళ్లెములో నుండి కార్డు తీసి, చదివి, బైబిలులో పెట్టుకొంటాము. దానిని తప్పనము. కాని తీసిన కార్డులో శ్రమను గూర్చిన వచనము వచ్చినదని మెల్లగా దానిని తిరిగి పెట్టి వేరొకటి తీసేవారిని మీరూ చూచియుంటారు. దేవుని వాక్యము చీట్లపాట కాదు. 2020 జనవరి 1న మన సంఘములన్నిటిలో అభివృద్ధి, ఆశీర్వాదముల వాగ్దానములే ఎత్తి చదివాము. మార్చి చివరికి గుడి తలుపులకు తాళములు పడినవి. ఏప్రిల్ 12న ఈస్టరు ఉదయమున గుడి గంట లేదు, సమాధుల దగ్గర కూడిక లేదు. ఆ కార్డులు అబద్ధమైనవా? కాలేదు. మనమే వాటిలో దేవుడు వ్రాయని తేదీలు చదివాము.

ఒంగోలు సంగతి

మన తెలుగు సంఘ చరిత్రలోనే ఈ పాఠమంతా ఉన్నది. తెలిసినవారికి మరల చెప్పినా విసుగు పుట్టదు గనుక చెప్తున్నాము.

అమెరికా బాప్తిస్టు మిషను పక్షమున శామ్యూల్ డే దొరగారు 1836లో తెలుగు దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. సంవత్సరములు గడిచినవి. విశ్వాసులను వ్రేళ్ల మీద లెక్కపెట్టవచ్చును. డబ్బు పంపే అమెరికా సంఘమువారు లెక్కలు చూచుకొని, ఈ మిషనును మూసివేస్తే మేలుకదా అని ఒకసారి కాదు, మూడుసార్లు ఆలోచించారు. 1853లో జరిగిన సభలో, మిషను పటము మీద తెలుగు దేశమునకు నెల్లూరు ఒక్కటే చుక్కగా కనబడుటను బట్టి దానికి "ఒంటరి నక్షత్రము" అని పేరు వచ్చినది. ఆ లెక్కలు వేసినవారు చెడ్డవారు కారు. వారి ఎదుట ఉన్న అంకెలు అట్లే ఉన్నవి.

1854 జనవరి 1 తెల్లవారుజామున జువెట్ దొరగారు, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తము ఐదుగురు, ఒంగోలు కొండ ఎక్కి ఈ ప్రాంతమునకు ఒక సేవకుని పంపుమని ప్రార్థించారు. ఈనాటికీ దానిని ప్రార్థన కొండ అంటారు. క్రింద కనబడిన నేలలో ఒకచోట మిషను బంగళా ఉంటే బాగుండునని కూడా అనుకొన్నారు. మరుసటి ఏడు ఎవరూ రాలేదు. ఆ తరువాతి ఏడూ రాలేదు. 1862లో మరల మిషనును మూసే మాట వచ్చినప్పుడు, అప్పటికి అమెరికా వెళ్లియున్న జువెట్ దొరగారు మీరు పంపకపోయినా నేను తిరిగి వెళ్లి తెలుగువారి మధ్యనే చనిపోతానన్నట్టు మాట్లాడారని చెప్తారు. మిషను మూతబడలేదు. కొండ మీది ప్రార్థనకు జవాబుగా జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టినది 1866లో. పండ్రెండేండ్లు పట్టినది.

ఈ క్లౌ దొరగారి లెక్కలు వేరు. చిన్నతనములో ఆయన న్యాయవాది కావాలనుకొన్నారు. దానికి ముందు భూసర్వే జట్టులో చేరి గొలుసు లాగుట, కొలతలు వేయుట నేర్చుకొన్నారు. మిషనరీ అగుట అను తలంపు అప్పుడు లేదు. తరువాత మారుమనస్సు పొంది, 1865లో నెల్లూరు చేరారు. ఒంగోలులో బడి పెడితే బ్రాహ్మణుల పిల్లలు, పెద్ద కులముల పిల్లలు వచ్చారు. పైవారు మొదట వస్తే క్రిందివారు వెంట వస్తారని ఆ కాలపు మిషనరీలలో అనేకుల ఆలోచన. ఇంతలో పడమటి పల్లెల నుండి యెర్రగుంట్ల పేరయ్యగారు అను మాదిగ కులస్థుడు ప్రభువును ఎరిగి, తనవారిని వెంటబెట్టుకొని వచ్చాడు. వీరిని చేర్చుకొంటే మేము రాము అని బడి పిల్లలు తేల్చి చెప్పారు. ఇప్పుడేమి చేయాలి? వేసుకొన్న పద్ధతి అంతా కళ్లముందే కూలిపోతున్నది. క్లౌ దొరగారు ఒక గదిలో, ఆయన భార్య మరొక గదిలో, ఒకరికొకరు తెలియకుండ బైబిలు తెరచినప్పుడు ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయము చివరి భాగమే కనబడినదట. లోకములో ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొన్నాడన్న భాగమది. బడి ఖాళీ అయినది. పేరయ్యగారి జనులు లోపలికి వచ్చారు.

(బైబిలు తెరచి వ్రేలు పెట్టుట మంచిదేనా అని ఎవరైనా అడుగవచ్చును. తాము వేసుకొన్న పథకమునకు విరోధమైన మాట వచ్చినప్పుడు దానికి లోబడుటకు సిద్ధపడి తెరచినవారు వారు. మనలో ఎక్కువమంది మనకిష్టమైన మాట దొరికేవరకు తెరుస్తాము. తేడా అక్కడున్నది.)

1876లో వానలు పోయి గొప్ప కరవు వచ్చినది. ధాత కరవు అని పెద్దలు చెప్పుకొనేది అదే. ప్రభుత్వము బకింగ్‌హాం కాలువ త్రవ్వకపు పని పెట్టినది. ఇతర గుత్తేదారుల క్రింద పని చేయబోయిన మాల మాదిగ జనులు తిట్లు తిని, కూలి అందక తిరిగి వస్తుంటే, క్లౌ దొరగారు తానే మూడున్నర మైళ్ల కాలువ గుత్తకు తీసుకొన్నారు. యౌవనములో నేర్చుకొన్న సర్వే పని ఇప్పుడు అక్కరకు వచ్చినది. న్యాయవాది కావాలనుకొన్న కుర్రవాడు గొలుసు పట్టుకొన్నది ఎందుకో ఆ దినమున తెలిసినది. బోధకులను మేస్త్రీలుగా పెట్టి, వేలమందికి పని, కూలి ఇప్పించారు. మధ్యాహ్నపు విశ్రాంతిలో చెట్ల క్రింద కూర్చుండి ఆ మేస్త్రీలు సువార్త చెప్పేవారు.

అప్పుడు అనేకులు బాప్తిస్మము అడిగారు. మనమైతే ఏమి చేసియుందుము? అమెరికాకు పంపే నివేదికలో అంకెలు వేసుకొనుటకు ఎంత మంచి సమయము! క్లౌ దొరగారు ఇవ్వలేదు. కూటి కొరకు వచ్చారన్న మాట రాకూడదని పదునైదు నెలలు ఎవరికీ బాప్తిస్మము ఇవ్వకుండ ఆపారు. సహాయము ముగిసిన తరువాత 1878లో ఒంగోలుకు పది మైళ్ల దూరములో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జనులు కూడారు. ఇక ఇచ్చుటకు డబ్బు లేదని చెప్పినా వెళ్లలేదు. మాకు డబ్బు వద్దు, మమ్ములను చేర్చుకొనండి అన్నారు. జూలై 3న ఒక్క దినమున 2,222 మంది ఆ యేటిలో బాప్తిస్మము పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి ఇచ్చారు.

ఇందులో ఎవరి పథకము నెరవేరినది? అమెరికా కమిటీది కాదు. పైకులముల ద్వారా అనుకొన్నవారిది కాదు. క్లౌ దొరగారిదీ కాదు. అయినా వారెవ్వరూ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. బడి పెట్టారు, పటము గీశారు, లెక్క వ్రాశారు. దేవుడు ఆ పటమును ప్రక్కకు జరిపినప్పుడు జరుగనిచ్చారు.

"తానొకటి తలచిన దైవమొకటి తలచును" అని మన సామెత. సామెతల గ్రంథము పదహారవ అధ్యాయములోని తలంపునకు దగ్గరగానే ఉన్నదనిపిస్తుంది. కాని మనము ఈ మాట ఎప్పుడు అంటామో చూడండి. అంతా అయిపోయిన తరువాత, నిట్టూర్చి, నెత్తి మీద చేయి పెట్టుకొని అంటాము. దేవుడు మన పనిని చెడగొట్టాడన్న ఫిర్యాదు అందులో దాగియుంటుంది. "ప్రభువు చిత్తమైతే" అనునది దుక్కికి ముందు అనవలసిన మాట. మార్చుకొనుటకు ఇంకా వీలున్నప్పుడు అనే మాట.

మార్చుకొనుట చిన్నతనమని భయపడేవారు పౌలును చూడవలెను. ఆసియలో బోధించాలనుకొన్నాడు, ఆటంకము. బితూనియ వెళ్లాలనుకొన్నాడు, అదీ కాలేదు. చివరకు సముద్రపు ఒడ్డున త్రోయలో ఆగిపోయిన రాత్రి మాసిదోనియ పిలుపు వచ్చినది (అపొ. కార్యములు 16:6–10). కొరింథుకు వస్తానని చెప్పి రాలేకపోయినప్పుడు, ఇతని మాటకు నిలకడ లేదని అక్కడివారు ఆడిపోసుకొన్నారు. రెండవ పత్రిక మొదటి అధ్యాయములో అతడు దానికి జవాబు చెప్పుకోవలసి వచ్చినది. రోమా మీదుగా స్పెయిను వెళ్లాలని ఎంతో ఆశపడి వ్రాశాడు (రోమా 15:24). రోమాకు చేరినది సంకెళ్లతో. స్పెయిను సంగతి లేఖనములు చెప్పవు. అంత పెద్ద భక్తుని కాగితములలో నెరవేరెనో లేదో తెలియని ఒక ప్రణాళిక అట్లే మిగిలిపోయినది. పదవ తరగతిలో పిల్లవానికి అనుకొన్న మార్కులు రాలేదని, ఊరిలో ఏమనుకొంటారోనని వానిని గదిలో పెట్టి తిట్టే తండ్రులు ఈ సంగతి పిల్లవానికి చదివి వినిపిస్తే మేలు.

మనము బ్రదికియుంటే

ఇప్పుడు యాకోబు మొదట పెట్టిన ఆ మెట్టు దగ్గరకు వద్దాము. పని సంగతి అట్లుండనివ్వండి, మనము బ్రదికియుండుట కూడా ఆయన చిత్తము. ఈ మాట నిజముగా నమ్మిన ఇంటిలో ఏమి కనబడాలి?

మాకు తోచినది ఇది. ఇంటి పెద్ద అకస్మాత్తుగా కన్నుమూస్తే, భార్యకు అప్పెంతో తెలియదు. సమాధి కార్యక్రమము అయిన మూడవ నాడు నోట్లు పట్టుకొని ఒక్కొక్కరు వస్తారు. తీర్చిన నోటు కూడా చింపకుండ దాచినవారు అందులో ఉంటారు. పట్టాదారు పాసుపుస్తకము ఏ సొసైటీలో తాకట్టు ఉన్నదో ఆమెకు తెలియదు. బ్యాంకు ఖాతాకు నామినీగా ఎప్పుడో చనిపోయిన అత్తగారి పేరు ఉంటుంది. మా సంఘములలో ఇట్టి విధవరాండ్రను పరామర్శించుటకు వెళ్లి, ప్రార్థించి, ఏమి చెప్పాలో తోచక తిరిగి వచ్చిన సందర్భములు ఒకటి రెండు కావు. ఆ భర్తలందరూ భక్తిపరులే. "దేవుని చిత్తమైతే" అని రోజూ అన్నవారే. ఆయన చిత్తము తమ బ్రతుకు విషయములో వేరుగా ఉండవచ్చునని మాత్రము ఇంటిలో ఒక్కనాడూ నోరు తెరచి చెప్పలేదు.

బీమా కట్టుట దేవుని మీద నమ్మకము లేకపోవుట అనేవారికి ఒక మాట. పొలము గట్టు వేసుకొనుట వాన మీద అపనమ్మకమా? ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా అని బ్యాంకులలో 2015 నుండి ఉన్నది. పదునెనిమిది నుండి ఏబది ఏండ్ల లోపు ఖాతాదారులు చేరవచ్చును. ఏడాదికి 436 రూపాయలు ఖాతా నుండి పోతుంది, మరణిస్తే కుటుంబమునకు రెండు లక్షలు వస్తుంది. తెలంగాణలో రైతుల కొరకు 2018లో రైతుబీమా పెట్టారు. వీటిలో పేరుండి కూడా నామినీ కాగితము సరిగా లేక తిరిగే కుటుంబములున్నవి. పేరు ఉన్నదా, ఎవరి పేరున ఉన్నది అని ఒక ఉదయము బ్యాంకుకు వెళ్లి అడుగుటకు పెద్ద చదువు అక్కరలేదు.

విత్తనములు కొనుటకు ముందు ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థన అయిన తరువాత చాప మీద అట్లే కూర్చుండండి. పిల్లలలో చేతివ్రాత బాగున్నవారి చేత ఒక నోటుపుస్తకములో వ్రాయించండి. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏ వడ్డీకి, సాక్షి ఎవరు. మనకు ఎవరు ఇవ్వాలి. పాసుపుస్తకము ఎక్కడున్నది, బంగారము ఏ బ్యాంకులో ఉన్నది, చీటీ ఎన్ని నెలలు మిగిలినది. కూలివారి బాకీ ఏమైనా ఉన్నదా. ఈ ఏడు పంట సగమే వస్తే ఏది ఆపుతాము, పెండ్లినా, ఇంటి స్లాబునా, మోటారు బండినా. ఆ సగము మాట పైకి అన్నందుకు పంట సగము కాదు, భయపడకండి. అత్తగారు, కోడలు ఇద్దరూ ఆ చాప మీద ఉండాలి. అబ్బాయి పెండ్లి వాయిదా వేయుటకు సిద్ధమేనా అని అబ్బాయినే అడగాలి. వ్రాసిన తరువాత పుస్తకమును ఇంటి యజమాని చదివి, ఇవన్నీ ప్రభువు ఎదుట పెట్టి, ఆయన ఏ వరుస కొట్టివేసినా మాకు సమ్మతమే అని తన మాటలలో ప్రార్థించాలి.

ఆ నోటుపుస్తకమును ఎక్కడ పెట్టారో ఇంటిలో అందరికీ తెలియాలి. బైబిలు ప్రక్కన ఉంచితే సులభముగా దొరుకుతుంది.